పాలకూరకు ఇంకా తూకం రాలేదు

ఫిబ్రవరి 2, సోమవారం

ఈ రోజు కూడా ఆయన నాలుగూ యాభైకి లోపలికి వెళ్ళారు. నేను ఐదింటికి లేచేసరికి బాత్‌రూము తలుపు కింద వెలుగు. ఐదున్నరకూ వెలుగే. ఆరుకు ఐదు నిమిషాలుందనగా కూడా అదే వెలుగు. ముఖం వంటింట్లో కడుక్కుని, మిగతా సంగతి దేవుడికి వదిలేసి బస్సెక్కాను.

ఈ పుస్తకం ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ మాటలు పైకి అంటే ఇంట్లో గొడవ, అనకపోతే నా కడుపులో మంట. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. కాగితం మీద పడితే ఎవరికీ నష్టం లేదు. ముసలితనంలో చదువుకుంటే ఎవరెవరో తెలియాలి కాబట్టి ఒక్కసారి రాసి పెడతాను. ఆయనంటే మామయ్యగారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ప్రతి త్రాసూ ఆయన పేరు చెబితే వణికేది. ఇప్పుడు ఆయన మాట విననిది ఆయన పొట్ట ఒక్కటే. దానితో రోజూ తెల్లవారుజామున గంటంబావు విచారణ నడుస్తుంది. నిందితుడు ఒప్పుకోడు. ఆయన వదలరు.

ఇంట్లో నలుగురం: మామయ్యగారు, ఈయన, నేను, మా చిన్నది. గదులు రెండు. బాత్‌రూము ఒకటే. గడియ పడే తలుపు ఈ ఇంటి మొత్తానికి అదొక్కటే.

నాది రేడియోలో ఉదయం ఆరూ నలభై ఐదు వార్తలు. పదకొండేళ్ళుగా ఊరు నా గొంతుతోనే నిద్ర లేస్తోంది. నేను మాత్రం బాత్‌రూము బయట నిలబడి లేస్తున్నాను. ఆఫీసులో ఆడవాళ్ళ బాత్‌రూము ఏడాదిగా మరమ్మతులో ఉంది. దాని తలుపు మీద అతికించిన కాగితానికి కూడా ఇప్పుడు మరమ్మతు కావాలి.

ఫిబ్రవరి 4

పరువు పోయింది.

వాతావరణం చదువుతున్నాను. "ఆకాశం నిర్మలంగా ఉంటుంది" అన్నాను. సరిగ్గా అప్పుడే నా కడుపు గుడగుడమంది. చిన్న చప్పుడు కాదు. అద్దం అవతల సౌండాయన హెడ్‌ఫోన్లు తీసి మెషీను వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఏడింటికల్లా ఒక శ్రోత ఫోను చేశాడట. "ఆకాశం నిర్మలమన్నారు, వెనకాల ఉరుము వినపడింది. గొడుగు తీసుకెళ్ళాలా వద్దా?" అని.

డైరెక్టరు పిలిచాడు. జనవరిలో నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకు ఒకటి, ఇది రెండోది. "మూడోది ఏదైనా సరే, ఆలస్యమైనా సరే, ఉరుమైనా సరే, ఆ బులెటిన్ కొత్తమ్మాయికి ఇచ్చేస్తానమ్మా. తప్పుగా అనుకోకు" అన్నాడు. కొత్తమ్మాయి పక్కనే ఉంది. పాపం, నవ్వు ఆపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. ఫైలు తలకిందులుగా ఉంది.

నాకు మిగిలింది ఆ పది నిమిషాలే. వంటిల్లు నాది కాదు, అందరిదీ. మంచం సగం నాది. మైకు ముందు పది నిమిషాలు మాత్రం పూర్తిగా నావి. అవి పోతే నేనెవరో నాకే చెప్పడం కష్టం.

సాయంత్రం ఈయనతో చెప్పాను. "ఒక్క అరగంట వెనక్కి జరగమని మీ నాన్నగారితో చెప్పండి." ఈయన కట్టుడు పళ్ళు తయారుచేస్తారు. ఊళ్ళో వాళ్ళ నోళ్ళన్నీ బాగుచేసే మనిషికి సొంత నోరు పెగలదు. "నాన్నతో ఆ మాట ఎలా అంటాను?" అన్నారు. నేను అనొచ్చుగానీ, కోడలు మామగారి విరేచనాల టైము మార్చిందని ఈయన అక్క, మా వదిన చెవిన పడితే అది జీవితాంతం సరిపడా కథ.

ఫిబ్రవరి 7

ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు కొత్తగా ఏమీ చెప్పలేదు. పీచు తినాలి, ఆకుకూరలు తినాలి, నీళ్ళు తాగాలి, నడవాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు. మామయ్యగారు అన్నీ విని, "ఆకుకూర కుదరదండీ" అన్నారు.

"ఎందుకని?"

"బజారులో ఆకుకూర మీద నీళ్ళు చల్లి అమ్ముతారు. పావు కిలో కట్టలో అరవై గ్రాములు నీళ్ళు. నేను పట్టుకున్న కేసులే నూట పన్నెండు. తెలిసి తెలిసి ఆ దొంగసరుకు నా కడుపులో వేసుకోను."

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీద పేగుల బొమ్మ చూశాను. ఎంత పొడుగున్నాయో! అందులో ఎక్కడో నా ఉద్యోగం ఇరుక్కుని ఉంది.

బస్సులో తట్టింది. బజారుది తినరు. ఇంట్లో పండిస్తే?

ఫిబ్రవరి 8, ఆదివారం

డాబా మీద తోట మొదలైంది. పగిలిన బకెట్లు రెండు, రంగు డబ్బాలు ఆరు, చిన్నది పసిపాపగా ఉన్నప్పుడు స్నానం చేయించిన తొట్టి ఒకటి. అడుగున చిల్లులు పెట్టి, మట్టి, పేడ ఎరువు కలిపి నింపాను. పాలకూర, మెంతి, ముల్లంగి, పిట్టగోడ వెంట చిక్కుడు వేశాను. నడుము పట్టేసింది.

మామయ్యగారు కుర్చీ వేసుకుని చూశారు. "ఆరంభ శూరత్వం" అన్నారు. మామగారు కాబట్టి నవ్వాను.

ఫిబ్రవరి 14

పాలకూర మొలిచింది. చిన్నది పరిగెత్తుకొచ్చి చెప్పింది. తాతయ్య అప్పటికే అక్కడ ఉన్నాడట, భూతద్దంతో.

ఫిబ్రవరి 17

తోట ఇక నాది కాదు. ప్రతి డబ్బా మీదా చీటీ అంటింది. తొట్టి నంబరు, పంట, విత్తిన తేదీ, ఖాళీ తొట్టి బరువు, మట్టి బరువు. రిటైరైనప్పుడు శాఖవాళ్ళు బహుమతిగా ఇచ్చిన త్రాసు అటక మీద నుంచి దిగింది. ఆదివారం ఆదివారం మొత్తం తొట్టిని త్రాసు మీద పెట్టి, తొట్టి బరువూ మట్టి బరువూ తీసేసి, మిగిలినది పాలకూర అని రాస్తారట. నీళ్ళు పోశాక తూచారో, పోయక ముందు తూచారో గుర్తు లేదనుకుంటాను, మొదటి వారం పాలకూర నికర బరువు మైనస్ నలభై గ్రాములు వచ్చింది. ఆయన తల గోక్కున్నారు గానీ లెక్క దిద్దలేదు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదట.

బాత్‌రూము పరిస్థితి యథాతథం. ఈ రోజు గంటా ఇరవై నిమిషాలు.

ఫిబ్రవరి 22, ఆదివారం

వదిన ఫోను చేసింది. తండ్రి ఎలా ఉన్నాడని ఆదివారానికొకసారి అడగడం, అడిగి నిశ్చింతగా ఉండడం ఆమెకు అలవాటు. ఈసారి నాకు ఆగలేదు.

"మీ నాన్నగారికేం వదినా, మహారాజు. బాత్‌రూము కౌలుకు తీసుకున్నారు. పొద్దున్నే గంటన్నర. నా ఉద్యోగం ఆయన పొట్టలో ఇరుక్కుపోయింది. అది కదిలితే గానీ ఇది కదలదు."

వదిన పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఫోను పెట్టి తిరిగేసరికి మామయ్యగారు మేడమెట్ల మీద నీళ్ళ డబ్బాతో ఉన్నారు. ఎక్కుతున్నారో దిగుతున్నారో తెలియలేదు. విని ఉండరు. ఆయనకు ఎడమ చెవి సరిగా వినపడదు. నేను మాట్లాడింది ఎడమ వైపు నుంచే అనుకుంటాను.

ఫిబ్రవరి 23

అద్భుతం!

ఐదింటికి లేచాను. బాత్‌రూము తలుపు తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. ఒక్క క్షణం భయమేసింది కూడా. పైకి వెళ్ళి చూస్తే మామయ్యగారు డాబా మీద చీకట్లో నీళ్ళు పోస్తున్నారు.

"లేచేశారా మామయ్యా? బాత్‌రూము..."

"నువ్వు వెళ్ళమ్మాయ్. మొక్కలకు సూర్యుడు రాకముందే నీళ్ళు పడాలి. నాకిప్పుడు అవసరం లేదు."

అవసరం లేదట! మొక్కల మీద ప్రేమ మనిషిని ఎంత మారుస్తుందో. ఇన్నాళ్ళూ చేయడానికి పని లేక అక్కడ కూర్చున్నారన్నమాట. నేను వెళ్ళిన తర్వాత తీరిగ్గా వెళ్తారు కాబోలు. వార్తలు ఈ రోజు వెన్నలా చదివాను. సౌండాయన బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఫిబ్రవరి 26

మళ్ళీ ఖాళీ. నాలుగు రోజులు వరుసగా.

మార్చి 1, ఆదివారం

వదినకు నేనే ఫోను చేసి చెప్పాను, ఇంటితోట మహిమ. "ఆకుకూరలు తింటే పొట్ట ఎందుకు బాగుపడదు?" అంది. అవునన్నాను. ఇంకా ఒక్క ఆకు కూడా కోయలేదని చెప్పడం మరిచిపోయాను.

మార్చి 8

మెంతి కోతకు వచ్చింది. కత్తెర పట్టుకుని వెళ్ళాను. మామయ్యగారు అడ్డం నిలబడ్డారు.

"కట్ట అంటే పావు కిలో అమ్మాయ్. ఈ తొట్టిలో నూట ముప్పై గ్రాములే ఉంది. తక్కువ తూకానికి కోస్తే నేనూ బజారువాళ్ళూ ఒకటే."

"మనింట్లో మనం తినడానికి కూడా తూకమా మామయ్యా?"

"తప్పు ఎక్కడైనా తప్పే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కత్తెర తీసుకుని దిగి వచ్చేశాను. బజారు ఆకుకూర ఆయన ముట్టుకోరు, ఇంటి ఆకుకూర ముట్టుకోనివ్వరు. అయినా ఆరోగ్యంగా ఉన్నారుగా, నాకెందుకు? బాత్‌రూము ఖాళీగా ఉంది. ఎక్కువ అడిగితే ఉన్నది పోతుంది.

మార్చి 10

ఈ ఇంట్లో గడియ పడే తలుపు అదొక్కటే అని ముందు రాశాను కదా. దాని విలువ ఇప్పుడు తెలుస్తోంది. లోపల గడియ పెట్టుకుంటే ఎవరూ పిలవరు. పిలిచినా "వస్తున్నా" అంటే సరిపోతుంది. ఫోను తీసుకెళ్ళాను. అక్కడ కూర్చుని ఎరువు తయారీ గురించి ఒక వీడియో మొత్తం చూశాను. ఇరవై నిమిషాలు.

మార్చి 12

పాతిక నిమిషాలు. ఈయన తలుపు కొట్టారు. కొట్టనీ.

మార్చి 15, ఆదివారం

మామయ్యగారి కీర్తి వీధంతా పాకింది. కింది వాటా లెక్కల టీచరు, ఎదురింటి దర్జీ, ఆయన భార్య, ఇంకా ఎవరెవరో డాబా ఎక్కారు. మామయ్యగారు పిట్టగోడకు ఆనుకుని ఉపన్యసించారు. పీచు పేగులను ఎలా ఊడుస్తుంది, మట్టిలో చేతులు పెడితే మనసు ఎలా కుదుటపడుతుంది, మనసు కుదుటపడితే పొట్ట ఎలా కుదుటపడుతుంది. డాక్టరు చెప్పినవన్నీ వరుస తప్పకుండా చెప్పారు. మెంతి అప్పటికే పూతకు వచ్చింది. పాలకూర ఆకులు అరచెయ్యంత పెరిగి, కాడలు ముదిరి నిలబడ్డాయి.

లెక్కల టీచరు ఊరుకుంటాడా? "రోజుకు ఎంత తింటారు సార్?" అన్నాడు.

"తినడం తర్వాతండీ. పెంచడంలోనే సగం అరుగుతుంది."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆయన ముఖం కాస్త పీక్కుపోయినట్టు అనిపించింది. ఎండకు అయి ఉంటుంది. భోజనం కూడా ఈ మధ్య సగమే చేస్తున్నారు. వయసు మీద పడితే మితాహారమే మంచిది.

మార్చి 17

నాకు గొప్ప ఆలోచన వచ్చింది. డైరెక్టరు ఆదివారం ఆరోగ్య కార్యక్రమానికి మనిషి కావాలని వెతుకుతుంటే, "మా మామయ్యగారున్నారు సార్. ఇంటితోటతో జీర్ణశక్తి" అన్నాను. ఎగిరి గంతేశాడు. మధ్యాహ్నం ఆయన్ను స్టూడియోకి తీసుకెళ్ళి, ప్రశ్నలు నేనే అడిగాను.

"తోట మొదలుపెట్టాక మీలో వచ్చిన మార్పు ఏమిటి?"

ఆయన మైకు వైపు కాకుండా నా వైపు చూశారు. "ఇబ్బందేమీ లేదు. పొద్దున్న ఐదింటికల్లా నా పని డాబా మీద. ఇంట్లో ఎవరి పని వాళ్ళకు టైముకు అవుతోంది. అంతకంటే ఆరోగ్యం ఏం కావాలి?"

ఎంత చక్కగా చెప్పారో! బయటికొచ్చాక సౌండాయన నా చెవిలో అన్నాడు, "మీ మామయ్యగారు నయం మేడమ్. పావుగంట సేపు ఆయన పొట్ట కిక్కురుమనలేదు." నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

మార్చి 19

అరగంట. ఈయనకు ఆలస్యమైందట. అరిచారు. "మీ నాన్నగారు గంటన్నర కూర్చున్నప్పుడు ఒక్క మాటైనా అన్నారా?" అన్నాను.

మార్చి 22, ఆదివారం

కార్యక్రమం వచ్చింది. అందరం రేడియో చుట్టూ కూర్చుని విన్నాం. మామయ్యగారు మాత్రం పడుకునే విన్నారు. కడుపు కాస్త బరువుగా ఉందన్నారు. కీర్తి బరువని ఈయన హాస్యమాడారు.

మార్చి 24

ఆఫీసులో మామూలే.

మార్చి 25

ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చాను. బట్టలు, ఫ్లాస్కు తీసుకుని మళ్ళీ వెళ్ళాలి. రాయకపోతే ఊపిరాడేలా లేదు.

పొద్దున్న తొమ్మిదింటికి డాబా మీద పాలకూర తొట్టి పక్కనే కూలబడిపోయారట. వాంతులు. కడుపు రాయిలా బిగిసిపోయింది. కింది వాటా టీచరు, ఈయన కలిసి మోసుకెళ్ళారు. నేను ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళాను.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి అడిగింది. "చివరిసారి విరేచనం ఎప్పుడైంది?"

ఈయన నా వైపు చూశారు. "రోజూ అవుతుందిగా. నేను లేవకముందే."

నేనన్నాను, "నేను ఆఫీసుకు వెళ్ళాక వెళ్తారండీ."

"నువ్వెళ్ళగానే నేను వెళ్తాను. నా తర్వాత చిన్నది."

"అయితే చిన్నది బడికి వెళ్ళాక..."

అప్పుడు చిన్నది మంచం పక్క నుంచి అంది. "తాతయ్యకు పది రోజుల నుంచి అవట్లేదు. నాకు చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. అంతకు ముందు కూడా నాలుగైదు రోజులకొకసారేనట. ఆయనకు ఐదింటికే వస్తుంది. అప్పుడు వెళ్ళకపోతే ఇక రాదట."

డాక్టరమ్మ కాగితం మీద 'పది' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

"ఆకుకూరలు తింటున్నారా?"

మామయ్యగారు కళ్ళు మూసుకునే చెప్పారు. "పెంచుతున్నాను."

"నేనడిగింది అది కాదు. నీళ్ళు?"

"రోజుకు పదహారు లీటర్లు."

"మీరా?"

"మొక్కలు."

వేరే ఎవరి కథైనా అయితే ఇక్కడ నేను పడీ పడీ నవ్వేదాన్ని.

ఎనిమా ఇచ్చారు. తర్వాత ఇంకేవేవో చేశారు. బయట బెంచీ మీద కూర్చుని ఆయన మూలుగు విన్నాను. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కోయాల్సి వచ్చేదని డాక్టరమ్మ అంది. ఈ వయసులో కోస్తే లేస్తారో లేదో చెప్పలేమంది.

సాయంత్రానికి తేలికపడ్డారు. అప్పుడు ఈయనకు నోరు పెగిలింది, జన్మకొకసారి. "అంత అవసరమైతే వెళ్ళొచ్చుగా నాన్నా! బాత్‌రూము మనదేగా! డాబా మీద ఆ చీకట్లో కూర్చోమని నిన్నెవరన్నారు?"

ఆయన నెమ్మదిగా అన్నారు. "అమ్మాయికి ఉద్యోగం ఉందిరా. అది నా పొట్టలో ఇరుక్కుపోయిందంటగా. నేను కదిలితే గానీ కదలదట. అందుకని కదిలాను."

రెండు చెవులూ బాగానే వినపడతాయి ఆయనకు.

మార్చి 26

నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఉదయం వార్తలు వదిలేశాను.

ఆసుపత్రిలో అందరి ముందూ చెప్పాను. "మామయ్యా, మీ ఆరోగ్యం కంటే నాకు బులెటిన్ ఎక్కువ కాదు. మానేశాను. ఇక పొద్దున్న బాత్‌రూము మీదే." ఆయన గడ్డం వణికింది. ఈయన కళ్ళు తుడుచుకున్నారు. వదిన ఫోనులో ఏడ్చింది. "మా తమ్ముడు పెట్టి పుట్టాడు. సొంత కూతుర్నయ్యుండీ నేను చేయలేని పని నువ్వు చేశావు" అంది. కింది వాటా టీచరు వీధంతా చెప్పాడట. పదకొండేళ్ళ ఉద్యోగం, మామగారి కోసం గడ్డిపోచలా వదిలేసిన కోడలు అని.

మనిషి జీవితంలో కొన్ని సమయాలు వస్తాయి. అప్పుడు స్వార్థం పక్కన పెట్టి

మార్చి 28

పైన రాసింది పూర్తి చేయలేకపోయాను. పని తగిలింది.

మార్చి 30

నిన్న మామయ్యగారిని ఇంటికి తీసుకొచ్చాం. ఈ రోజు పొద్దున్న నాలుగూ యాభైకి ఆయన బాత్‌రూములోకి వెళ్ళారు. పది నిమిషాల్లో బయటికొచ్చారు. డాక్టరమ్మ ఇచ్చిన పొడి, లేవగానే పెద్ద చెంబుడు నీళ్ళు. పది నిమిషాలు! కావలసింది అంతేనట. తర్వాత నేను ఐదింటికి నిక్షేపంగా వెళ్ళాను. వెళ్ళాల్సిన తొందర లేకపోయినా వెళ్ళాను.

ఏప్రిల్ 1

సరే. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఈ పుస్తకం కొన్నదెందుకు?

24వ తేదీన "మామూలే" అని రాశాను. మామూలు కాదు. ఆ రోజు ఐదున్నరకు బాత్‌రూములోకి వెళ్ళి నలభై నిమిషాలు కూర్చున్నాను. ఫోనులో ఎవరో చిక్కుడు తీగకు పందిరి ఎలా కట్టాలో చూపిస్తున్నాడు. మా చిక్కుడుకు పందిరి అక్కర్లేదు, పిట్టగోడ ఉంది. అయినా చూశాను. ఈయన రెండుసార్లు తలుపు కొట్టారు. "వస్తున్నా" అన్నాను. బస్సు వెళ్ళిపోయింది. స్టూడియో తలుపు తోసేసరికి ఆరూ నలభై ఏడు. లోపల కొత్తమ్మాయి చదువుతోంది. బాగా చదువుతోంది, అదీ గోరుచుట్టు మీద రోకటిపోటు. డైరెక్టరు కేకలు కూడా వేయలేదు. మూడు వేళ్ళు చూపించాడు. సాయంత్రానికి కాగితం చేతిలో పెట్టాడు. రేపటి నుంచి మధ్యాహ్నం రెండింటికి కూరగాయల ధరలు చదవాలి.

ఆ కాగితం సంచిలో పెట్టుకునే ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఆసుపత్రిలో ఆయన ఆ మాట అన్నారు. అందుకని కదిలాను అన్నారు. నాకోసం ఆ మనిషి నెల రోజులు కడుపు బిగబట్టుకుని చీకట్లో కూర్చుంటే, ఆయన ఖాళీ చేసిన చోట నేను వీడియోలు చూస్తూ కూర్చుని ఉద్యోగం పోగొట్టుకున్నాను. అది చెప్పాలి. 26న చెప్పడానికే నోరు తెరిచాను. బయటికొచ్చింది ఇంకొకటి. వార్తలు చదివే నోరు కదా, రాసి ఇచ్చినట్టు వచ్చేసింది, ఒక్క తడబాటు లేకుండా.

సిగ్గుగా ఉంది. చాలా సిగ్గుగా ఉంది. ఆదివారం ఆయనకు చెప్పేస్తాను.

ఏప్రిల్ 3

కూరగాయల ధరల్లో ఈ రోజు పాలకూర చదివాను. కొత్తమ్మాయి ఎదురుపడి "అక్కా, మీరు మీ మామయ్యగారి కోసం వదులుకున్నారటగా, ఇప్పుడే తెలిసింది" అంది. కళ్ళు కొద్దిగా చెమ్మగిల్లి ఉన్నాయి. ఈ అమ్మాయికి డైరెక్టరు ఇచ్చిన కాగితం సంగతి తెలుసు. అయినా నమ్మింది. రేడియోలో పనిచేసేవాళ్ళే గాలివార్త నమ్మితే ఇక ఊరినేమంటాం?

ఏప్రిల్ 5, ఆదివారం

ఆదివారం వచ్చింది.

పదకొండింటికి మామయ్యగారు డాబా మీదికి వెళ్ళారు. కాసేపటికి తువ్వాలు నిండా ఆకుతో దిగారు. పాలకూర, పూతకొచ్చిన మెంతి, బెండుబారిన ముల్లంగులు నాలుగు. కోత మొత్తం ఆయనే చేశారు. త్రాసు మళ్ళీ అటక ఎక్కేసింది.

"తూకం వేయలేదా తాతయ్యా?" అంది చిన్నది.

"ఇది తూచేది కాదు" అన్నారు ఆయన.

వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. కాడలు పీచు తీసి, కడిగి, తరిగి, ఆయనే వండారు. వయసులో ఎప్పుడో వండి ఉంటారు. గిన్నెలు వెతుక్కోవడానికే అరగంట పట్టింది. నలుగురికీ వడ్డించి, ముందు నా పళ్ళెంలో వేశారు, మిగతావాళ్ళ కంటే రెండు గరిటెలు ఎక్కువ. ఎప్పుడూ 'అమ్మాయ్' అనే మనిషి ఈ రోజు మొదటిసారి వేరేగా పిలిచారు.

"నా కోసం నీ పది నిమిషాలూ వదులుకున్నావు తల్లీ. నేను రోజూ వినేవాణ్ణి, ఆ లోపల కూర్చునే ముందు రేడియో చెవి దగ్గర పెట్టి బ్యాటరీ ఉందో లేదో చూసుకునేవాణ్ణి. బయటికొచ్చాక ఆరూ నలభై ఐదుకు వేసుకునేవాణ్ణి. నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియలేదు. నాకు చేతనైంది ఇదే. తిను."

ఈయన తల వంచుకున్నారు. చిన్నది నా వైపే చూస్తోంది. పిల్లలకు రహస్యాల వాసన తెలుస్తుంది కాబోలు.

చెబుదామని నోరు తెరిచాను. ముద్ద పెట్టుకున్నాను. మళ్ళీ తెరిచాను. మళ్ళీ ముద్ద పెట్టుకున్నాను. ఆకులు ముదురు, కాడలు పీచుపీచుగా ఉన్నాయి, మెంతి పూత చేదెక్కింది, ఉప్పు తక్కువైంది. గొంతు దిగదనుకున్నాను. దిగింది. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి ఆయన మళ్ళీ వడ్డించారు. అదీ తిన్నాను.

ఇప్పుడు సాయంత్రం ఐదైంది. తిన్నప్పటి నుంచీ కాచుకుని కూర్చున్నాను, మంటైనా వస్తుందేమో, పుల్లటి తేన్పైనా వస్తుందేమో అని. ఏమీ రాలేదు. పదకొండేళ్ళలో నా పొట్ట ఇంత హాయిగా ఎప్పుడూ లేదు. మొత్తం శుభ్రంగా అరిగిపోయింది.